ఇద్దరిలో ఎవరిని హాకీ ట్రయల్స్‌కు తీసుకెళ్లాలి?

రాయగడ డ్రిల్ టీచరు:

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక బాలికల ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లుగా వ్యాయామం నేర్పిస్తున్నాను. పిల్లలు నన్ను డ్రిల్ టీచరనే పిలుస్తారు. ఒక నిర్ణయం తీసుకోవడానికి నాకు ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మన తెలుగువాళ్లలో హాకీ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటారేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మా జిల్లా హాకీ జిల్లా కాదు. ఆ పేరు సుందర్‌గఢ్‌ది. ఇక్కడి పిల్లలకు కబడ్డీ, వాలీబాల్, మగపిల్లలైతే క్రికెట్. కానీ 2018లో ఒడిశా ప్రభుత్వం భారత జట్లకు స్పాన్సర్ అయింది. 2023 ప్రపంచ కప్ భువనేశ్వర్, రూర్కెలాల్లో జరిగింది. అప్పుడు మా పిల్లలు టీవీలో చూసి, ‘మనకెందుకు లేదు టీచర్?’ అని అడిగారు. ఆ మాట పట్టుకుని మొదలుపెట్టాను. ఇప్పుడు మా దగ్గర పద్నాలుగు స్టిక్కులు ఉన్నాయి. వాటిలో మూడింటి చీలికలకు సైకిల్ ట్యూబు చుట్టాం. మైదానం ఎర్రమట్టి. సోమవారం సోమవారం ప్రార్థన అయ్యాక అందరం వరుసగా నిలబడి గులకరాళ్లు ఏరుతాం.

రూర్కెలాలో ట్రయల్స్ జరుగుతున్నాయి. ఎంపికైన పిల్లలను హాస్టల్లో ఉంచి, చదివిస్తూ, టర్ఫ్ (కృత్రిమ గడ్డి మైదానం) మీద శిక్షణ ఇస్తారు. పాఠశాల ఇచ్చే ఖర్చు ఒక్క విద్యార్థినికీ, వెంట వెళ్లే నాకూ సరిపోతుంది. చూస్తే ఇద్దరు ఉన్నారు.

పెద్దమ్మాయికి పదమూడేళ్లు నిండాయి, జనవరిలో పుట్టింది. ఎత్తు 163 సెంటీమీటర్లు. తెలుగు అమ్మాయే, నాన్న బట్టల దుకాణం నడుపుతారు. బంతిని కొడితే శబ్దం పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు వినిపిస్తుంది. మొన్న పక్క ఊరి పాఠశాలతో ఆడిన ఆటలో మేము ఆరు గోల్స్ చేస్తే అయిదు ఆమెవే. బంతి ఆమె దగ్గరికి వెళ్లిందంటే అవతలి పిల్లలు పక్కకు తప్పుకుంటారు.

చిన్నమ్మాయిదీ అదే సంవత్సరం, కానీ నవంబరులో పుట్టింది. 146 సెంటీమీటర్లు. కొండ మీది కంధ గూడెం పిల్ల, పాఠశాల వసతిగృహంలో ఉంటుంది. ఇంట్లో కుయి, బడిలో ఒడియా. నాతో మాట్లాడటానికి తెలుగు కూడా నేర్చుకుంది. ఏడాది మొత్తం మీద రెండు గోల్స్ చేసింది. అయితే ఆమె ఆటలో ఒకటి గమనించాను. బంతి తన దగ్గరికి రాకముందే మెడ తిప్పి రెండు వైపులా చూస్తుంది. ఎవరూ నేర్పలేదు. నేనసలు నేర్పలేదు. బంతి అందగానే ఎక్కడికి పంపాలో ఆమెకు ముందే తెలిసి ఉంటుంది. పెద్దమ్మాయి చేసిన ఆ అయిదు గోల్స్‌లో మూడింటికి బంతి అందించింది ఈ పిల్లే. లెక్క రాసే పుస్తకంలో ఆ సంగతికి గడి లేదు.

పాఠశాలలో అందరూ పెద్దమ్మాయి పేరే చెబుతున్నారు. ఆమె నాన్నగారు రెండుసార్లు వచ్చి మర్యాదగానే అడిగి వెళ్లారు. నా మనసు మాత్రం చిన్నమ్మాయి వైపు లాగుతోంది. ఇది నా అనుభవం చెబుతున్న మాటో, బీద పిల్ల మీద జాలో నేనే తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పటి ఆట సంగతి కాదు నేను అడుగుతున్నది. ఎనిమిదేళ్ల తర్వాత, పదేళ్ల తర్వాత ఎవరు ఎక్కడ ఉంటారు? అది ముందే కనిపెట్టే దారి ఏదైనా ఉందా? గోల్‌లో నిలబడే పిల్ల ఇంకొకతి ఉంది, పరుగు రాదని అక్కడ పెట్టాను. పాపం, క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని నిలబడుతుంది, ఏమీ అడగదు. ఇప్పుడు సమస్య ఆమెది కాదు.

దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


రూర్కెలా విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, టీచరుగారూ, మాది పర్లాకిమిడి. 1981లో ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి రూర్కెలా వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నేను ఆటగాడిని కాదు, కోచ్‌ను అంతకన్నా కాదు. మొదటి షిఫ్టు దిగాక పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ మైదానం గట్టు మీద కూర్చుని పిల్లల ఆట చూడటం నా అలవాటు. నలభై ఏళ్లలో ఎంతమంది పిల్లల్ని చూశానో లెక్క లేదు. ఎవరు పైకి వెళతారని నేను మనసులో పందెం కట్టుకున్నానో, అందులో సగానికి పైగా తప్పాయి. ఆ తప్పుల వల్లనే నాలుగు మాటలు చెప్పగలను.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన సామెత. హాకీ పిల్లల విషయంలో నేను దీన్ని నమ్మడం మానేశాను. రాణీ రాంపాల్‌లాంటి వాళ్లు ఉన్నారు, కాదనను. పదిహేనేళ్లకే 2010 ప్రపంచ కప్ ఆడి ఏడు గోల్స్ చేసింది. కానీ మా అమిత్ రోహిదాస్‌ను చూడండి. భారత జట్టు మాజీ నాయకుడు దిలీప్ తిర్కీ పుట్టిన సౌనామరా ఊరే అతనిదీ. 2013లో సీనియర్ జట్టులోకి వచ్చాడు, తర్వాత చోటు పోయింది, 2017లో మళ్లీ వచ్చాడు. ఆ మధ్యలో అతని పని అయిపోయిందని అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. టోక్యో ఒలింపిక్స్‌లో మన మీద పెనాల్టీ కార్నర్ (గోల్ దగ్గర తప్పు జరిగితే అవతలి జట్టుకు గోల్ మీదికి కొట్టడానికి ఇచ్చే అవకాశం) పడినప్పుడల్లా మొదట ముందుకు దూకి బంతికి ఎదురు వెళ్లినవాడు అతనే. ఆ కాంస్యం చూసి నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను.

ఇంకొకటి చెబుతాను. 2016లో లక్నోలో మన కుర్రాళ్లు బెల్జియాన్ని 2-1తో ఓడించి జూనియర్ ప్రపంచ కప్ గెలిచారు. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాళ్లలో ప్రపంచానికే మేటి జట్టు. దాని నాయకుడు హర్జీత్ సింగ్ ఆ తర్వాత ఒక్క ఒలింపిక్స్ కూడా ఆడలేదు. అదే జట్టులోని హర్మన్‌ప్రీత్ సింగ్ పారిస్‌లో పది గోల్స్ చేసి పతకం తెచ్చాడు. ఇరవై ఏళ్లప్పుడు, ప్రపంచ కప్ చేతిలో ఉన్నప్పుడు కూడా తేలని సంగతి, పదమూడేళ్లకు గులకరాళ్ల మైదానంలో తేలుతుందా? అందుకే ఎవరు గొప్ప అనే ప్రశ్న పక్కన పెట్టండి. ఎవరిలో ఇంకా ఎంత మిగిలి ఉందో చూడండి.

అది చూడటానికి నా పద్ధతి ఒకటుంది. గోల్స్ లెక్క పెట్టను. బంతి పోగొట్టుకున్న తర్వాతి మూడు అడుగులు చూస్తాను. కొందరు తల పట్టుకుంటారు, కొందరు అంపైర్ వైపు చూస్తారు, కొందరు అప్పటికే వెనక్కి తిరిగి పరిగెత్తుతూ ఉంటారు. ఈ మూడో రకం పిల్లలు చాలా కాలం నిలబడతారు. ఇంకోటి, ఎడమ చేతి వైపు వచ్చే బంతి. హాకీ స్టిక్కుకు చదును ముఖం ఒకవైపే ఉంటుంది కదా, ఎడమ పక్కకు వచ్చిన బంతిని స్టిక్కు తిప్పి రివర్స్‌లో ఆపాలి. బలం మీద ఆడే పిల్లలు దాన్ని తప్పించుకుంటారు, కాలు అడ్డం పెడతారు, ఒళ్లంతా చుట్టూ తిప్పుకుంటారు. మీ ఇద్దరికీ వరసగా ఇరవై బంతులు ఎడమ వైపే వేసి చూడండి. మొదటి రోజు ఎన్ని ఆపారన్నది ముఖ్యం కాదు. ఒక్క మాట చెప్పండి, మోకాళ్లు ఇంకొంచెం వంచమనో, ఎడమ చేయి పైకి పట్టమనో. వారం ఆగి, గుర్తు చేయకుండా, మళ్లీ ఇరవై వేయండి. ఆ వారంలో ఎవరిది ఎంత మారిందో రాసుకోండి. ట్రయల్స్‌లో కోచ్‌లు అరపూట చూస్తారు. వారం తర్వాత మార్పు చూసే అవకాశం వాళ్లకు లేదు, మీకు ఉంది.

ట్రయల్స్ గురించి ఒక హెచ్చరిక. టర్ఫ్ మీద నీళ్లు చల్లుతారు. మట్టి మీద బంతి ఎగిరెగిరి వస్తుంది, టర్ఫ్ మీద సబ్బు మీద జారినట్టు నేలకు అంటుకుని వస్తుంది. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌ను మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించినప్పుడు మన మహామహులే ఏడో స్థానంలో ఉండిపోయారు. మీ పిల్లలు మొదటి పది నిమిషాలు తడబడతారు. మీ బడిలో సిమెంటు గచ్చు ఉన్న వరండా ఉంటే, నీళ్లు చల్లి, బూట్లు వేయించి, రోజూ అరగంట బంతి ఆపడం మాత్రమే చేయించండి. కొట్టడం వద్దు, ఆపడం. అద్దాలు పగలవు, చేతులు మెత్తబడతాయి.

ఇక ముఖ్యమైన మాట. ఇంత పెద్ద ఉత్తరంలో మీరు మూడో అమ్మాయికి మూడు వాక్యాలు ఇచ్చారు. క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని నిలబడుతుంది, ఏమీ అడగదు. అమ్మా, నేను ఆగిపోయింది అక్కడ. మన గోల్‌కీపర్ శ్రీజేష్ కేరళలో క్రీడా పాఠశాలకు వెళ్లింది హాకీ కోసం కాదు. పరుగు, లాంగ్ జంప్, వాలీబాల్ తిరిగి, చివరికి గోల్‌లో నిలబడ్డాడు. 2006లో భారత జట్టులోకి వచ్చినా గోల్ అతనిదని అందరూ ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. ముప్పై ఆరేళ్లకు పారిస్‌లో రెండో ఒలింపిక్ పతకంతో దిగాడు. గోల్‌కీపర్లు ఆలస్యంగా పండుతారు, ఆలస్యంగా దిగుతారు. మన తెలుగు పిల్లే, ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎతిమరపు రజని, మొదటి గోల్‌కీపర్ సవిత పక్కన ఏళ్ల తరబడి భారత గోల్‌కీపర్‌గా ఉంది. 2018 ఆసియా క్రీడల రజతం, 2022 కామన్వెల్త్ కాంస్యం గెలిచిన జట్లలో ఆమె ఉంది. పైగా ట్రయల్స్‌కు ముందువరుస ఆటగాళ్లు వందల్లో వస్తారు. గోల్‌లో నిలబడతానని వచ్చే పిల్లలు వేళ్ల మీద లెక్కించేంత మందే. ఆమె ఎందుకు భయపడటం లేదో ఒకసారి కనుక్కోండి. ఎంత ఎత్తు, కాళ్లు ఎలా కదులుతాయి, నాకు రాయండి.

మీరు చిన్నమ్మాయి వైపు ఎందుకు మొగ్గుతున్నారో మీకే తెలియాలి. కానీ ఉత్తరం చదువుతుంటే పెద్దమ్మాయిని చూసి మీరు దేనికో భయపడుతున్నట్టు అనిపించింది. తప్పయితే క్షమించండి.


పర్లాకిమిడి నర్సు:

టీచరుగారూ, నాకు హాకీ నియమాలు అంతగా తెలియవు. మా అమ్మాయి నాలుగేళ్లు ఒక స్పోర్ట్స్ హాస్టల్లో ఉంది, వేరే ఆట. నేను ఒళ్లు గురించి చెబుతాను.

మీరు పోల్చుతున్నది సమాన వయసు పిల్లల్ని కాదు. జనవరికీ నవంబరుకూ పది నెలల తేడా. ఆడపిల్లలు సాధారణంగా పన్నెండో ఏడు అటూ ఇటూగా ఒక్కసారి ఎత్తు పెరుగుతారు. కొందరికి ఇంకా ముందే, కొందరికి రెండేళ్లు ఆలస్యం. పెద్దమ్మాయికి నెలసరి మొదలై రెండేళ్లు దాటి ఉంటే ఆమె ఎత్తు దాదాపు పూర్తయినట్టే. చిన్నమ్మాయికి ఇంకా మొదలు కాకపోతే ఆమెకు పెరిగే కాలం ముందుంది. ఈ సంగతి మీరు ఆడ టీచరు కాబట్టి నెమ్మదిగా అడగగలరు. తల్లిదండ్రుల ఎత్తులు కూడా కనుక్కోండి. ఆడపిల్లకైతే రెండు ఎత్తులూ కలిపి, అందులోంచి 13 సెంటీమీటర్లు తీసి, సగం చేస్తే వచ్చేది ఒక అంచనా. ఎనిమిది సెంటీమీటర్లు అటూ ఇటూ పోవచ్చు. జాతకం కాదు, అంచనా మాత్రమే.

దానికన్నా ముందు రక్తం పరీక్ష చేయించండి. ముగ్గురికీ. పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12 గ్రాముల కన్నా తగ్గితే అది రక్తహీనత. రెండో సగంలో కాళ్లు ఈడ్చే పిల్లను చూసి బద్ధకం అంటాం, దమ్ము లేదు అంటాం. చాలాసార్లు అది ఇనుము లోటు, మందుబిళ్లలకు తగ్గిపోయేది. మీ గోల్ పిల్లకు పరుగు రాదన్నారు. ఎప్పటినుంచి రాదు? పుట్టినప్పటి నుంచా, ఈ ఏడాది నుంచా?

ఇంకొకటి, మన ఒడిశా పడమటి, దక్షిణ జిల్లాల్లో సికిల్‌సెల్ ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. ఎండలో, నీళ్లు తాగకుండా విపరీతంగా పరిగెత్తితే ఆ లక్షణం ఉన్న పిల్లలకు ప్రమాదం రావచ్చు. ఉందని తెలిస్తే ఆట మాన్పించమని కాదు నేను చెప్పేది. జాగ్రత్తలు తీసుకుని ఆడించవచ్చు. తెలియకుండా ఆడించకూడదు.

ఎంపికైన పిల్ల మొదటి మూడు నెలలు రాత్రిళ్లు ఏడుస్తుంది. మా అమ్మాయి ఏడ్చింది. వసతిగృహంలో ఉండే అలవాటు మీ చిన్నమ్మాయికి ఇప్పటికే ఉంది. ఇది ఎక్కడా లెక్కలోకి రాదు గానీ, నా దృష్టిలో పెద్ద బలం.


బరంపురం పాత ఫుల్‌బ్యాక్:

పైన రాసిన పెద్దల మీద గౌరవంతోనే ఒక మాట. పొడుగు పిల్లకు అన్యాయం జరుగుతోంది ఇక్కడ. ముందుగా ఎదిగింది కాబట్టి తర్వాత ఆగిపోతుందని అందరూ తీర్మానించేశారు. కొట్టగలగడం కూడా ప్రతిభే. టోక్యోలో ఆస్ట్రేలియా మీద మన అమ్మాయిలు గెలిచిన గోల్ గుర్జీత్ కౌర్‌ది, అదీ పెనాల్టీ కార్నర్ నుంచి. 1-0. అంత పెద్ద ఆట ఒక్క ఫ్లిక్ (బంతిని కొట్టకుండా స్టిక్కుతో లాగి విసరడం) మీద తేలింది. పొడవాటి చేతులు, బలమైన నడుము ఉన్న పిల్ల ఆ పనికి కావాలి.

అయితే టీచరుగారికి ఒక సూచన. పెనాల్టీ కార్నర్‌లో మొదటి దెబ్బ హిట్ అయితే బంతి గోల్ గీత దాటేటప్పుడు 460 మిల్లీమీటర్లకు, అంటే వెనక చెక్క పలక ఎత్తుకు, మించకూడదు. ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. మీ అమ్మాయి ఇప్పుడు కేవలం హిట్టరు. పుష్ చేయడం, బంతిని స్టిక్కు మీద లాగి వదలడం మెల్లగా పరిచయం చేయండి. పదమూడేళ్లకు రోజుకు యాభై డ్రాగ్ ఫ్లిక్కులు మాత్రం కొట్టించవద్దు, నడుము పోతుంది. నాది అలాగే పోయింది, ఇరవై రెండేళ్లకే ఆట మానేశాను.

అందరూ భారత జట్టు గురించే మాట్లాడుతున్నారు. ఒలింపిక్ జట్టులో ఉండేది పదహారు మంది. ఆ పదహారులోకి చేరని పిల్ల ఓడిపోయినట్టు కాదు. రైల్వే, పోలీసు, బ్యాంకు, ఉక్కు సంస్థల జట్లు ఉన్నాయి. క్రీడల కోటాలో ఉద్యోగం వచ్చి, ముప్పై ఏళ్ల వరకు ఆడి, ఇంటికి జీతం పంపిన ఆడపిల్లలు ఒడిశాలో ఎంతోమంది. గూడెం పిల్లకైనా దుకాణందారు కూతురికైనా అదీ ఒక గమ్యమే.


రాయగడ డ్రిల్ టీచరు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరి మాటా అక్షరాలా పాటించాను, ఇప్పుడు లెక్క చెబుతాను.

ఎడమ వైపు ఇరవై బంతులు. మొదటి రోజు పెద్దమ్మాయి ఆరు ఆపింది, చిన్నమ్మాయి తొమ్మిది. మోకాళ్లు వంచమని ఒక్కసారి చెప్పి వదిలేశాను. ఎనిమిదో రోజు చిన్నమ్మాయి పద్నాలుగు. పెద్దమ్మాయి పదమూడు. నేను పుస్తకం మూసి మళ్లీ తెరిచి చూసుకున్నాను. పెద్దమ్మాయి సాయంత్రాలు ఇంటి వెనక సిమెంటు గచ్చు మీద తమ్ముడి చేత బంతులు వేయించుకుందట. నాకు చెప్పనే లేదు. ఆరు నుంచి పదమూడు. ఆమె గురించి నేను అనుకున్నది అంతా తలకిందులైంది.

రూర్కెలా బాబాయిగారూ, మీరు అడిగినదానికి జవాబు చెప్పాలి. నన్ను కూడా పన్నెండేళ్లప్పుడు ఎత్తు చూసి ఎంపిక చేశారు. నాలుగేళ్లు హాస్టల్లో ఉన్నాను, ప్రతి ఆటలో గోల్స్ నావే. పదహారో ఏట మిగతా పిల్లలు నా ఎత్తుకు వచ్చేశారు. ఒక ఉదయం గోడకు అంటించిన జాబితాలో నా పేరు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. నన్ను రివర్స్‌లో బంతి ఆపమని ఆ నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు కూడా, గోల్స్ వస్తున్నాయి కదా మరి. పెద్దమ్మాయిని చూసినప్పుడల్లా నాకు ఆ గోడ కనిపిస్తోంది. ఆమెను పంపకపోతే ఆ బాధ నుంచి తప్పించినట్టవుతుందని నాకు తెలియకుండానే అనుకున్నాను. కానీ ఆమె నేను కాదు. ఆమెకు లోటు ఏమిటో ఇప్పుడే చెప్పాను, వారంలో దిద్దుకుంది. ఆ అవకాశం నాకు దొరకలేదు.

చిన్నమ్మాయి తల్లి 154, తండ్రి 167. లెక్క వేస్తే 154 వస్తోంది. ఎక్కువ పొడవు కాదు, ఫరవాలేదు. నర్సుగారూ, రక్త పరీక్షలు అయ్యాయి. ఇద్దరివీ బాగున్నాయి. సికిల్‌సెల్ ముగ్గురికీ లేదు. గోల్ అమ్మాయి హిమోగ్లోబిన్ 9.4. మీరు అడిగిన ప్రశ్నే అడిగాను. ఆరో తరగతిలో బాగానే పరిగెత్తేదట. ఏడాదిగా ఆయాసం వస్తోందని, అడిగితే జట్టులోంచి తీసేస్తానని చెప్పలేదట. ఏమీ అడగదు అని నేను రాసిన మాట తలుచుకుంటే గొంతు పట్టేస్తోంది. మందులు మొదలయ్యాయి.

ఆమెకు భయం ఎందుకు లేదో కూడా తెలుసుకున్నాను. ఇంట్లో మేకలు. మందను దొడ్డిలోకి తోలేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, ఒక్కటీ బయటికి పోకుండా కాళ్లతో అడ్డుకునే పని చిన్నప్పటి నుంచి ఆమెదే. ఏ మేక ఎటు దూకుతుందో దాని భుజం చూస్తే తెలుస్తుందని చెప్పింది. నిన్న పెద్దమ్మాయి చేత డి (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) లోపల నుంచి పది బంతులు కొట్టించాను. ఏడు ఆపింది. ఆమె చూపు బంతి మీద లేదు, పెద్దమ్మాయి భుజం మీద ఉంది. ఎత్తు 158.

పాఠశాల డబ్బు చిన్నమ్మాయికి. పెద్దమ్మాయి నాన్నగారి దగ్గరికి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. కూతురి ఖర్చు తాను పెట్టుకుంటానన్నారు, అంతేకాదు ముగ్గురికీ బూట్లు కొనిచ్చారు. గోల్ అమ్మాయి టిక్కెట్టు నాది. మందులు పూర్తిగా పని చేయడానికి సమయం పడుతుందని తెలుసు, ఈసారి ఎంపిక కాకపోవచ్చు. ఆమె ఒకసారి టర్ఫ్ మీద నిలబడాలి, అసలైన గోల్‌కీపర్‌ను దగ్గరగా చూడాలి. నలుగురికీ సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్ రైల్లో సీట్లు దొరికాయి.

ఒక్క సహాయం. గోల్‌కీపర్ ప్యాడ్లు, కిక్కర్లు (పాదాలకు కట్టుకునేవి), హెల్మెట్ రెండు రోజులకు అరువు దొరుకుతాయా? క్రికెట్ ప్యాడ్లతో ఆ పిల్లను వందమంది ముందు నిలబెట్టలేను.


రూర్కెలా విశ్రాంత ఉద్యోగి:

దొరికాయి తల్లీ. మా వీధిలో ఒక కుర్రాడు ఈమధ్యే రైల్వే జట్టుకు వెళ్లాడు, అతని పాత సామాను వాళ్లమ్మ దాచి ఉంచింది. ఎడమ కిక్కర్ పట్టీ తెగి ఉంటే చెప్పులు కుట్టే అతని చేత కుట్టించాను. హెల్మెట్ కొంచెం వదులు, లోపల గుడ్డ మడత పెట్టి సరిచేసుకోవచ్చు. ట్రయల్స్‌కు ముందు రోజు ఒక గంటైనా వాటితో నడిచి అలవాటు పడాలి, బరువుగా ఉంటాయి. మా ఇంటి ముందు జాగా ఉంది.

భోజనం మా ఇంట్లోనే. మా ఆవిడ ముగ్గురు పిల్లలకూ చేపల పులుసు తినే అలవాటు ఉందో లేదో కనుక్కోమంటోంది. ప్లాట్‌ఫాం మీద పసుపు గొడుగు పట్టుకుని నిలబడతాను.